రేడియేషన్ అయిన కొన్నేళ్లకి చేతిలో మంట, తిమ్మిర్లు: ఈ నరాల నొప్పికి వైజాగ్‌లో ఎవరికి చూపించాలి?

గాజువాక కొడుకు

అందరికీ నమస్కారం. మా అమ్మకి 58 ఏళ్లు. 2019లో ఎడమ రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలింది. ఆపరేషన్, కీమో అయ్యాక రొమ్ము భాగంతో పాటు చంకకి, మెడ కింది భాగానికి కూడా రేడియేషన్ ఇచ్చారు. అప్పటి నుంచి చెకప్‌లు బాగానే వస్తున్నాయి. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామాక్సిఫెన్ బిళ్ల ఇంకా వాడుతోంది.

ఈ వేసవి నుంచి ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారుతున్నాయి అంటోంది. ఇప్పుడు భుజం నుంచి మోచేతి దాకా మంట. రాత్రి పడుకుంటే షాక్ కొట్టినట్టు జివ్వుమని లాగుతోందట. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతోంది. చేతిలో గ్లాసు జారిపోతోంది. మా వీధిలో డాక్టరు గారు డైక్లోఫెనాక్, నరాల బలానికి బీకాంప్లెక్స్ రాశారు. కడుపులో మంట మొదలైంది గానీ చెయ్యి నొప్పి తగ్గలేదు. మా పెద్దమ్మ ఉప్పు మూటతో కాపడం పెడతానంటోంది. చుట్టాల్లో ఒకరు "మళ్లీ తిరగబెట్టిందేమో" అన్న దగ్గర్నుంచి అమ్మకి కంటి మీద కునుకు లేదు. నాకూ టెన్షన్‌గా ఉంది. ముందు ఎక్కడికి తీసుకెళ్లాలి? ఇలాంటిది చూసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

భీమిలి అక్క

తమ్ముడూ, నాకూ ఇదే, కాకపోతే కుడి చెయ్యి. అమ్మకి ధైర్యం చెప్పు. ఈ నొప్పికి వేరే మందులున్నాయి, డైక్లోఫెనాక్ దీనికి పెద్దగా పనిచెయ్యదు. వాపు వల్ల వచ్చే నొప్పికి వాడేది అది. నరమే దెబ్బతిన్నప్పుడు దాని దారి వేరు.

కాపడం మాత్రం పెట్టనివ్వకు. పెద్దమ్మగారికి కోపం వచ్చినా సరే. స్పర్శ తగ్గిన చోట వేడి ఎంతుందో మనకి తెలీదు. పైగా రేడియేషన్ పడిన చర్మం పల్చబడి ఉంటుంది, కాలితే మానడం చాలా కష్టం. వేడినీళ్ల బ్యాగు, ఘాటు బామ్‌లు కూడా వద్దు. పొయ్యి దగ్గర గిన్నెలు దించేటప్పుడు ఆ చెయ్యి వాడొద్దని చెప్పు.

ముందు రేడియేషన్ ఇచ్చిన చోటికే వెళ్లండి. పాత ఫైలు మొత్తం పట్టుకెళ్లు. ఏ భాగానికి ఎన్ని గ్రేలు (రేడియేషన్ డోసు కొలత) ఇచ్చారో రాసిన కాగితం ఉంటుంది, అది చాలా ముఖ్యం. కాగితం పోతే రేడియేషన్ విభాగంలో అడుగు, వాళ్ల దగ్గర రికార్డు ఉంటుంది.

బంకర్ డ్యూటీ

నేను రేడియేషన్ మెషీన్ దగ్గర టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాదు. నాకు తెలిసినంత వరకు చెబుతాను.

మెడలోంచి బయలుదేరిన నరాలు కాలర్ ఎముక కిందుగా చంకలోకి, అక్కణ్ణుంచి చేతిలోకి వెళ్తాయి. ఈ నరాల గుంపుని బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. మెడ కింద, చంకలో ఉండే లింఫ్ గ్రంథులకి రేడియేషన్ ఇస్తే ఈ నరాలూ ఆ దారిలోనే పడతాయి. తర్వాత నెమ్మదిగా, నెలల నుంచి ఏళ్ల మీద, చుట్టూ ఉన్న కండ గట్టిపడి నరాన్ని నొక్కుతుంది. నరానికి రక్తం అందించే సన్న నాళాలు మూసుకుపోతాయి. నరం పైపొర దెబ్బతింటుంది. పైన తొడుగు ఊడిన వైరు ఎలా ఉంటుందో అలా అన్నమాట, తగలకూడని చోట స్పార్క్ వస్తుంది. అందుకే దుప్పటి తగిలినా మంట. రేడియేషన్ అయిన పదేళ్లకి, ఇంకా ఆలస్యంగా మొదలైన వాళ్లూ ఉన్నారు.

ఇది అందరికీ వస్తుందని ఎవరూ భయపడొద్దు. రొమ్ము క్యాన్సర్‌కి ఎన్నో ఏళ్లుగా ఇస్తున్న పద్ధతి 25 రోజుల్లో 50 గ్రేలు. ఇప్పుడు చాలామందికి 15 రోజుల్లో 40 గ్రేలే. ఈ డోసుల్లో చేతి నరాలు ఇలా దెబ్బతినేది నూటికి ఒకరిద్దరికి మించదు. ఒక్కో రోజు డోసు ఎక్కువగా ఇచ్చిన పాత రోజుల్లో ఈ ఇబ్బంది చాలా ఎక్కువగా ఉండేది.

తిరగబెట్టిందా, రేడియేషన్ ప్రభావమా అన్నది డాక్టర్లకి కూడా మొదటి ప్రశ్న. లక్షణాలని బట్టి కొంత అంచనా ఉంటుంది. రేడియేషన్ వల్ల అయితే సాధారణంగా మొద్దుబారడం ముందు, నొప్పి తర్వాత. బొటనవేలు, చూపుడువేలు వైపు ఎక్కువ. గడ్డ మళ్లీ వచ్చి నొక్కుతుంటే మొదట్నుంచే విపరీతమైన నొప్పి, చిటికెనవేలు వైపు ఎక్కువ, కొందరికి అదే వైపు కంటిరెప్ప వాలుతుంది. మీ అమ్మగారి వర్ణన మొదటి దానికి దగ్గరగా ఉంది. కానీ దీన్ని బట్టి ఇంట్లో తేల్చుకోవద్దు. కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనబడేందుకు ఎక్కించే మందు)తో ఎంఆర్ఐ తీస్తే చాలావరకు తేలుతుంది. ఇంకా అనుమానం ఉంటే పెట్ స్కాన్ అంటారు. నరాల పరీక్ష, ఈఎంజీ (కండరాల్లో కరెంటు చూసే పరీక్ష) కూడా రాయొచ్చు. అందులో కండరం తనంతట తాను అదిరే ఒక రకం గీత కనబడితే అది రేడియేషన్ వైపే చూపిస్తుంది.

గాజువాక కొడుకు

చాలా చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. అమ్మకి మీ పోస్టులు చదివి వినిపించాను. మొదట మొద్దుబారడమే, నొప్పి తర్వాతే వచ్చిందని తనే చెప్పింది. కొంచెం తేరుకుంది. ఎంఆర్ఐకి రాయించుకుంటాం. ఈలోగా రాత్రి నొప్పికి ఏమైనా ఉందా?

డాబాగార్డెన్స్ మందుల షాపు

ఫార్మసిస్టుని. ఇక్కడ రాసే డోసులు అవగాహన కోసం మాత్రమే, చూసి కొనుక్కోవద్దు. ఇవన్నీ చీటీ మీదే ఇవ్వాలి.

నరాల నొప్పికి మొదట వాడేవి మూడు రకాలు. గాబాపెంటిన్, ప్రెగాబలిన్ ఒక జట్టు. అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్ ఇంకో జట్టు. మూడోది డులోక్సెటిన్. రెండో జట్టు, డులోక్సెటిన్ డిప్రెషన్ మందులుగా మొదలయ్యాయి. గూగుల్‌లో చూసి "మా అమ్మకి పిచ్చి మందు రాశారు" అని షాపుకొచ్చి గొడవపడినవాళ్లున్నారు. నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ చాలా తక్కువ డోసు, రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. అదే వేళకి నిద్రా పడుతుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం ఉంటాయి. గుండె లయ తేడా, గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. ప్రెగాబలిన్‌తో మత్తు, తల తిరగడం, కాళ్ల వాపు రావొచ్చు. మొదటివారం రాత్రిపూట బాత్రూమ్‌కి లేచేటప్పుడు ఎవరైనా పక్కన ఉండండి.

మీ అమ్మగారి విషయంలో ముఖ్యమైంది ఒకటుంది. టామాక్సిఫెన్ లివర్‌లో మారాకే సరిగ్గా పనిచేస్తుంది. డులోక్సెటిన్ ఆ మార్పుని కొంత అడ్డుకుంటుంది. కాబట్టి టామాక్సిఫెన్ వాడుతున్నామని కొత్తగా రాసే ప్రతి డాక్టరుకీ చెప్పండి. నరాల డాక్టరు దగ్గరకి క్యాన్సర్ ఫైలు లేకుండా వెళ్లే పేషెంట్లు ఎక్కువమంది, నా బాధంతా అదే.

ఎంత తగ్గుతుందనేది నిజాయితీగా చెప్పాలి. 2015లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్యపత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష ప్రకారం, నొప్పి సగానికి సగం తగ్గినవాళ్లని లెక్కిస్తే, డమ్మీ బిళ్లతో పోల్చినప్పుడు అమిట్రిప్టిలిన్ జట్టు వాడిన సుమారు నలుగురిలో ఒకరికి అదనంగా ఆ ఫలితం వచ్చింది. ప్రెగాబలిన్‌తో సుమారు ఎనిమిదిమందిలో ఒకరికి. అది అన్ని రకాల నరాల నొప్పుల లెక్క, రేడియేషన్ ఒక్కదానిది కాదు. ఒక మందు పనిచెయ్యకపోతే ఇంకోటి, లేదా రెండు కలిపి, అలా వెతుక్కుంటూ పోవాలి. మొదటి స్ట్రిప్పుకే తగ్గలేదని మానేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చాలాసార్లు డోసు సరిపోయే దాకా పెంచకుండానే వదిలేస్తారు.

బీ12 గురించి: లోపం ఉంటే తప్పకుండా తీసుకోవాలి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకి అది తగ్గొచ్చు, ఒకసారి పరీక్ష చేయించండి. లోపం లేకుండా వాడితే రేడియేషన్ నొప్పి తగ్గదు.

సోంపేట

నాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా నాన్నకి పేగు క్యాన్సర్, వైద్యం వైజాగ్‌లోనే. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. కవిటి, కంచిలి, పలాస, మందస వైపు నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట వినండి. గాబాపెంటిన్, ప్రెగాబలిన్ రెండూ కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువ ఉన్నవాళ్లకి డోసు బాగా తగ్గించాలి. నాన్న మామూలు డోసు వేసుకుని రోజంతా మగతగా, పిలిచినా సరిగ్గా పలక్కుండా ఉండిపోయారు. క్యాన్సర్ మెదడుకి వెళ్లిందేమో అని ఇల్లంతా ఏడ్చాం. ఆసుపత్రిలో రక్తపరీక్ష చూసి డోసు తగ్గిస్తే మనిషి మామూలయ్యారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అయితే అసలే వద్దు, ఉన్న కిడ్నీ కూడా పాడవుతుంది. చీటీ రాసే ముందు "డాక్టరు గారూ, క్రియాటినిన్ ఇంత ఉంది" అని మీరే చెప్పండి.

నిర్వాహకులు

సోంపేట గారి పోస్టుని పైన పిన్ చేశాం. ఎవరికి రాసిన డోసు వాళ్లకే, దయచేసి ఇంకొకరి చీటీ కాపీ చెయ్యొద్దు.

ఎంవీపీ ఫిజియో

మందుల గురించి అందరూ రాశారు, చెయ్యి కదిలించడం గురించి ఎవరూ రాయలేదు. నొప్పని చెయ్యి మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే భుజం బిగుసుకుపోతుంది. అప్పుడు నరం నొప్పికి భుజం నొప్పి తోడవుతుంది, ఏది ఏదో తెలీదు. రోజూ నెమ్మదిగా, ఓర్చుకోగలిగినంత వరకే కదిలించాలి. గోడ మీద వేళ్లతో పైకి పాకించడం లాంటివి. గట్టిగా లాగే మసాజ్ వద్దు, నాటు వైద్యుల చేత నరం తీయించడం అసలే వద్దు.

చేతికి వాపు ఉందా? చంకలో గ్రంథులు తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లకి లింఫ్ నీరు చేరి చెయ్యి బరువెక్కుతుంది. ఆ బరువు నరాల మీద ఇంకా లాగుతుంది. మా వైపు చెయ్యి వాచిందంటే బోదవ్యాధి అనుకుని ఆ మాత్రలు మింగేవాళ్లున్నారు. ఇది వేరు. దీనికి ప్రత్యేకమైన కట్టు, బిగుతు స్లీవ్, వ్యాయామం ఉంటాయి. కొలత తీసి వేయించాలి, ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి కొనెయ్యొద్దు. వాపున్న చేతికి బీపీ పట్టీ, సూదులు వీలైనంత వరకు వద్దని చెప్పండి. చర్మం చిట్లకుండా కొబ్బరినూనె రాయండి, చిన్న గాయమైనా శుభ్రం చెయ్యండి. ఎర్రగా వేడిగా అయి జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

టెన్స్ మెషీన్ (చర్మం మీద సన్న కరెంటు ఇచ్చి నొప్పి తగ్గించేది) గురించి నన్ను తరచూ అడుగుతారు. కొందరికి ఉపశమనం ఇస్తుంది. గడ్డ లేదని స్కాన్‌లో తేలాకే, స్పర్శ ఉన్న చర్మం మీదే పెట్టాలి.

పెదజాలరిపేట

మా అమ్మమ్మ ఊరు తీరంలోనే. వాళ్ల కాలంలో ఆడవాళ్లు అడ్డపొగ తాగేవారు, చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని. మా అమ్మకీ అదే అలవాటు, అంగిట్లో క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ అయి ఏడాది దాటలేదు. చెంప, దవడ మంట. నోరు రెండు వేళ్లంత కూడా తెరుచుకోదు. చల్లగాలి తగిలితే చెంప మీద చురుక్కుమంటుంది. మెడ వంచితే వీపు మీదుగా కరెంటు పాకుతుందట. ఇదీ నరాల నొప్పేనా? చెప్పుకోలేక ఊరుకుంటోంది. అన్నం తినడం తగ్గించేసింది.

బంకర్ డ్యూటీ

అమ్మా, మెడ వంచితే వీపులోకి కరెంటు పాకడం మెడకి రేడియేషన్ అయిన కొన్ని నెలలకి కొందరికి వస్తుంది. సాధారణంగా దానంతట అదే నెలల్లో తగ్గిపోతుంది. అయినా డాక్టరుకి చెప్పాలి, కాళ్లూ చేతులూ బలహీనంగా ఉంటే వెంటనే. చెంప మీద చురుకులు ముఖం నరానివి కావచ్చు, చూసి చెప్పాలి. నోరు తెరుచుకోకపోవడానికి దవడ వ్యాయామాలు ఉన్నాయి, ఆలస్యం చేసే కొద్దీ గట్టిపడుతుంది. ఈ వారమే తీసుకెళ్లండి. తిండి తగ్గిందన్నది నొప్పి కన్నా ముందు చెప్పండి.

డాబాగార్డెన్స్ మందుల షాపు

ముఖంలో షాక్ కొట్టే నొప్పికి కొందరికి కార్బమజెపిన్ రాస్తారు. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి డాక్టరుకి చూపించాలి. సోడియం కూడా పడిపోవచ్చు, నీరసంగా తికమకగా ఉంటే రక్తపరీక్ష చేయించండి.

భీమిలి అక్క

పెదజాలరిపేట చెల్లెమ్మా, మీ అమ్మగారిని నొప్పి, పాలియేటివ్ (జబ్బు వల్ల వచ్చే బాధని తగ్గించే వైద్యం) విభాగంలో కూడా చూపించండి. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ వైద్యం ఉంది. ఆ విభాగం ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లకే అనుకుని చాలామంది వెళ్లరు. నాకు క్యాన్సర్ పోయింది, నేను బతికే ఉన్నాను, నా నొప్పి తగ్గింది వాళ్ల దగ్గరే. నిద్ర ఎలా ఉంది, వంట చేసుకోగలుగుతున్నానా, ఇంట్లో ఎవరు సాయం చేస్తున్నారు, ఇవన్నీ కూర్చోబెట్టి అడిగారు. అంతకుముందు నన్ను అలా అడిగినవాళ్లు లేరు.

అనకాపల్లి వాసి

ఆ విభాగానికి వెళ్తే మార్ఫిన్ ఇస్తారని భయం వేస్తోంది అక్కా. మా ఆవిడకి గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్‌కి రేడియేషన్ అయింది. ఇప్పుడు రెండు కాళ్లలో తిమ్మిరి, పిక్కల్లో పోట్లు. మార్ఫిన్ అలవాటైపోతే?

డాబాగార్డెన్స్ మందుల షాపు

అన్నయ్యా, నరాల నొప్పికి మార్ఫిన్ మొదటి మందు కాదు. పైన చెప్పినవి చాలకపోతేనే ఆలోచిస్తారు. అవసరమైతే మాత్రం భయపడి మానుకోకండి. డాక్టర్ పర్యవేక్షణలో, నొప్పిని బట్టి, కొలత ప్రకారం వాడితే మీరు భయపడుతున్నది అరుదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థల్లో ఇలాంటి మందులు దొరకడం తేలిక చేశారు. మామూలు షాపుల్లో దొరకదు. మలబద్ధకం తప్పకుండా వస్తుంది, దానికి మందు మొదటిరోజు నుంచే ఇవ్వాలి. ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా 2018 నుంచి అదే చట్టం కిందికి వచ్చింది. తేలికపాటిదే అని ఎవరైనా సొంతంగా ఇస్తే తీసుకోవద్దు.

బంకర్ డ్యూటీ

అనకాపల్లి అన్నా, కటి భాగానికి రేడియేషన్ ఇస్తే కాళ్లకి వెళ్లే నరాల గుంపు కూడా ఇలాగే దెబ్బతినొచ్చు. కానీ సిస్‌ప్లాటిన్ లాంటి కీమో ఇచ్చి ఉంటే దాని వల్ల కూడా రెండు పాదాలూ తిమ్మిరెక్కుతాయి, సాక్స్ వేసుకునేంత మేర. షుగర్ ఉన్నా అంతే. ఏది ఎంతన్నది పరీక్షల్లో తేలాలి.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. నడుం నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గుతుంటే, ఒంటేలు రాకపోయినా తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. అదే రాత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. వెన్నుపాము నొక్కుకుపోతోందేమో చూడాలి. అందులో గంటలు ముఖ్యం, కాలు పడిపోయాక తిరిగి రావడం కష్టం.

అనకాపల్లి వాసి

అర్థమైంది అన్నా. ఆ లక్షణాలేవీ లేవు, నడుస్తోంది. సోమవారం తీసుకెళ్తాను. ఆక్సిజన్ గదిలో కూర్చోబెడితే నరాలు బాగవుతాయని ఒక వీడియోలో చూశాను. లక్షల్లో ఖర్చన్నారు.

బంకర్ డ్యూటీ

దాని కోసం బంగారం తాకట్టు పెట్టొద్దు. రేడియేషన్ వల్ల దవడ ఎముక పాడైనప్పుడు, మూత్రాశయంలోంచి రక్తం పడుతున్నప్పుడు హైపర్‌బేరిక్ ఆక్సిజన్ (మీరు చెప్పిన ఆక్సిజన్ గది వైద్యం) ఇస్తుంటారు, అది వేరే చర్చ. చేతి నరాలకి మాత్రం ఇంగ్లండ్‌లో జరిగిన ట్రయల్ ఫలితాలు 2001లో వచ్చాయి. ఆక్సిజన్ ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పెంటాక్సిఫిలిన్, విటమిన్ ఇ కలిపి వాడితే గట్టిపడిన కండ మెత్తబడుతుందన్న ఆశ కూడా చాలాకాలం ఉండేది. క్లోడ్రోనేట్ అనే ఇంకో మందు కూడా జతచేసి ఈ నరాల జబ్బు మీదే పరీక్షించారు, ఉపయోగం తేలలేదు. దెబ్బతిన్న నరాన్ని మళ్లీ మామూలు చేసే మందు ఇంకా లేదు. కానీ నొప్పిని అదుపులో పెట్టొచ్చు, చెయ్యి బిగుసుకోకుండా చూసుకోవచ్చు. ఆ రెండూ పూర్తిగా చేయించుకోకుండా లక్షలు పోసే వాళ్లని చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది.

గాజువాక కొడుకు

అందరికీ అప్‌డేట్. ఎంఆర్ఐలో గడ్డ లేదు. నరాల చుట్టూ రేడియేషన్ మార్పులే అన్నారు. రిపోర్టు చూసి అమ్మ అక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంది. టామాక్సిఫెన్ సంగతి ముందే చెప్పడంతో డాక్టరు గారు డులోక్సెటిన్ పక్కన పెట్టి రాత్రికి ప్రెగాబలిన్ మొదలుపెట్టారు, తర్వాత పెంచారు. మొదట్లో మత్తుగా ఉండేది. ఇప్పుడు మంట పూర్తిగా పోలేదు గానీ రాత్రి నిద్రపోతోంది. మొద్దుబారడం అలాగే ఉంది, అది తిరిగి రాకపోవచ్చని వాళ్లే స్పష్టంగా చెప్పారు. ఫిజియో కూడా మొదలైంది. వేలితో చపాతీ తుంచుకోవడం కష్టంగా ఉందని చెంచాకి గుడ్డ చుట్టి లావుగా చేసిచ్చారు, దానితో తనే తింటోంది.

బయట షాపులో మందుల ఖర్చు ఎక్కువవుతోంది. ఆసుపత్రిలో పడుకోబెడితే ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది, రోజువారీ బిళ్లలకి ఏం చెయ్యాలి?

డాబాగార్డెన్స్ మందుల షాపు

సంతోషం బాబూ. చీటీ మీద మందు అసలు పేరు రాయించుకో, జన ఔషధి కేంద్రంలో ప్రెగాబలిన్ చాలా తక్కువకి వస్తుంది. నా షాపు వ్యాపారం పోయినా పర్లేదు, అక్కడే కొను. ఇంకో మాట, ఈ బిళ్ల ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే నిద్ర పట్టదు, వాంతులు, చెమటలు, నొప్పి రెట్టింపవుతుంది. మానాలంటే డాక్టరు చెప్పినట్టు కనీసం వారం మీద తగ్గించుకుంటూ రావాలి. సంక్రాంతికి ఊరెళ్తారు కదా, అక్కడ చీటీ లేకుండా ఇవ్వరు. పండక్కి వారం ముందే స్ట్రిప్పులు సరిచూసుకుని, చీటీ కూడా సంచిలో పెట్టుకోండి.

పెదజాలరిపేట

మా అమ్మని నిన్న చూపించాం. దవడకి చెక్కపుల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి నోరు తెరిపించే వ్యాయామం నేర్పారు. చెంప మంటకి రాత్రికి అమిట్రిప్టిలిన్ రాశారు. తిండికి గంజి, మెత్తని పప్పన్నం, గుడ్డు కలిపి ఎలా పెట్టాలో డైటీషియన్ రాసిచ్చారు. చెక్కపుల్లలు ఒక్కో వారం ఎన్ని పెంచాలి, ఫిజియో గారూ?

ఎంవీపీ ఫిజియో

లెక్క పెట్టుకుని పెంచొద్దమ్మా. ఇప్పుడు పట్టేవాటితో కండ సాగినట్టు ఉండాలి, పదునైన నొప్పి రాకూడదు. అవి తేలిగ్గా పడుతున్నాయి అనిపించినప్పుడు ఇంకొకటి దూర్చండి. రోజుకి ఒకేసారి ఎక్కువసేపు కాకుండా కొంచెం కొంచెంగా చాలాసార్లు. పళ్లు కదులుతున్నా, చిగుళ్లలోంచి రక్తం వచ్చినా ఆపి చూపించండి. రేడియేషన్ పడిన దవడలో పన్ను పీకించాల్సి వస్తే మామూలు క్లినిక్‌లో వద్దు, ముందు క్యాన్సర్ డాక్టరుని అడగండి.

పెదజాలరిపేట

సరేనండి. ఒక పన్ను కదులుతోంది, రేపే అడుగుతాను.